అరిగిన చోటు ఎక్కడో చూడాలి



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థిగా నాలుగు మాటలు రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. "నేను రచయితను కాదు తమ్ముడూ, పాత లేత్ మిషన్లు బాగుచేసుకునేవాణ్ణి" అన్నాను. "అయితే దాని గురించే రాయండన్నా" అన్నారు. మన హాస్టల్లో చదివి బడుల్లో, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేస్తున్నవారు చాలామంది ఉన్నారు. వాళ్లంతా రాసే పుస్తకంలో చేతికి గ్రీజు అంటిన నేను ఏం రాయాలా అని వారం రోజులు ఆలోచించాను. చివరికి నేను విరగ్గొట్టిన ఒక గేరు గురించి రాద్దామని నిశ్చయించుకున్నాను.

నేను 1987లో ఆరో తరగతిలో మన హాస్టల్లో చేరాను. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. 1992లో పదో తరగతి పాసయ్యాను గానీ మార్కులు అంతంత మాత్రం. ఐటీఐలో టర్నర్ ట్రేడులో సీటు వచ్చింది. రెండేళ్ల కోర్సు. ఒక మిషన్ చుట్టూ ఇరవై మందిమి నిలబడి చూసేవాళ్లం. సర్టిఫికెట్ అయితే చేతికొచ్చింది, పని మాత్రం చేతికి రాలేదు.

1995లో విజయవాడ ఆటోనగర్లో ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. అక్కడ ఇంగ్లండ్‌లో తయారైన పాత లేత్ ఒకటి ఉండేది. దాని పేరు పలక మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. లేత్ చూడని తమ్ముళ్ల కోసం ఒక మాట. కుమ్మరి సారె మీద మట్టి తిరిగినట్టు లేత్ మీద ఇనుము తిరుగుతుంది. సారె పడుకుని తిరిగితే లేత్ చక్కు నిలబడి తిరుగుతుంది. కుమ్మరి వేళ్ల బదులు ఇక్కడ గట్టి ఉక్కు టూలు ఉంటుంది. ఆ టూలును మోస్తూ బెడ్డు మీద అటూ ఇటూ జరిగేది క్యారేజీ. మర కోసేటప్పుడు ఆ క్యారేజీని లాక్కెళ్లేది లీడ్ స్క్రూ అనే పొడవాటి మరకడ్డీ. చక్కు ఒక చుట్టు తిరిగితే లీడ్ స్క్రూ ఎంత తిరగాలో పక్కనున్న గేర్లు నిర్ణయిస్తాయి.

చేరిన మూడో నెలలో ఒక షాఫ్టుకు మర కోస్తున్నాను. హాఫ్ నట్ లివర్ విడిపించాల్సిన క్షణంలో నా చేయి ఆలస్యమైంది. క్యారేజీ వెళ్లి తిరుగుతున్న చక్కుకు కొట్టుకుంది. ఫట్‌మని పెద్ద శబ్దం. 40 పళ్ల గేరులో రెండు పళ్లు ఊడి కింద పడ్డాయి.

ఓనరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "ఈ గేరు బజార్లో దొరకదు, నీ ఆరు నెలల జీతం పోయినా రాదు" అన్నాడు. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి నూజివీడు వైపు వెళ్లే ఆఖరి బస్సు ఎక్కాను. ఇంటికి వెళ్లే ధైర్యం లేదు. రాత్రి పదకొండు గంటలకు మన హాస్టల్ గేటు ముందు నిలబడ్డాను.

వార్డెన్ సారు లేచి వచ్చారు. ఏమీ అడగలేదు. వంట చేసే పిన్ని మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి పెట్టింది. పొద్దున్నే అంతా చెప్పాను. సారు విని, "గేరు విరిగింది, సరే. ఎందుకు విరిగిందో తెలుసుకున్నావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "తెలుసుకుని అప్పుడు మానెయ్. తెలుసుకోకుండా మానేస్తే రేపు ఇంకోచోట కూడా ఇదే విరగ్గొడతావు" అని చేతిలో ఇరవై రూపాయలు పెట్టి బస్సెక్కించారు.

తిరిగి వెళ్లాను. ఓనరు మొహం తిప్పుకున్నాడు. మా మేస్త్రి గారు మాత్రం "వచ్చావా, రా" అని మిషన్ దగ్గరికి తీసుకెళ్లారు. లీడ్ స్క్రూ చివర ఒక చిన్న బోల్టు చూపించారు. "ఇక్కడ ఉండాల్సింది బోల్టు కాదురా. షియర్ పిన్ను. మెత్తటి లోహంతో చేస్తారు. బరువు ఎక్కువైతే అది తెగిపోయి గేర్లను కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని ఎవడో గట్టి బోల్టు బిగించాడు. నీ తప్పు సగం, వాడి తప్పు సగం" అన్నారు. తర్వాత, "ఈ గేరు నువ్వే చెయ్యాలి" అన్నారు.

వెర్నియర్ పెట్టి గేరు బయటి వ్యాసం కొలిచాను. 76.2 మిల్లీమీటర్లు. పళ్లు 40. మాడ్యూల్ కావాలంటే పళ్ల సంఖ్యకు 2 కలిపి దాంతో వ్యాసాన్ని భాగించాలని ఐటీఐలో చెప్పారు. 76.2ను 42తో భాగిస్తే 1.814 వచ్చింది. అలాంటి మాడ్యూల్ కట్టర్ ఎక్కడా లేదు. 1.75 ఉంది, 2 ఉంది. దగ్గరగా ఉంది కదా అని 1.75 కట్టర్ తెమ్మన్నాను. మేస్త్రి గారు నవ్వి, "ఈ మిషన్ ఏ ఊరిది?" అన్నారు. "ఇంగ్లండుది." "మరి దాన్ని దాని భాషలో అడగాలి గదా!" అన్నారు.

అప్పుడు అంగుళాల్లో చూశాను. 76.2 మిల్లీమీటర్లు అంటే సరిగ్గా 3 అంగుళాలు. 42ను 3తో భాగిస్తే 14. అంటే అది 14 డీపీ గేరు. అంగుళాల లెక్కలో పళ్ల సైజును అలా చెబుతారు. ఆ లెక్క కుదిరిన క్షణంలో నా ఒళ్లు పులకరించింది. ఇంగ్లండులో ఎప్పుడో ఎవరో వేసుకున్న లెక్క ఆటోనగర్లో నా కాగితం మీదికి వచ్చి కూర్చుంది.

పక్క షాపులో మిల్లింగ్ మిషన్ ఉంది. 14 డీపీ కట్టర్లలో 3వ నంబరు 35 నుంచి 54 పళ్ల వరకు పనికొస్తుంది. పన్ను లోతు 0.154 అంగుళం. డివైడింగ్ హెడ్డులో హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే పని ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి 40 పళ్లకు పన్నుకొక చుట్టు. ఇంత సులభమా అనుకున్నాను. మధ్యలో ఒకసారి హ్యాండిల్ కాస్త ముందుకు వెళ్లిపోతే, అంతే వెనక్కి తెచ్చి ఆపేశాను. ఆ ఒక్క పన్ను సన్నగా వచ్చింది. గేర్లలో ఉండే ప్లే వల్ల అలా జరుగుతుంది. బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకు తెస్తేనే సరైన చోట ఆగుతుంది. రాత్రంతా కూర్చుని రెండో ముక్క కోశాను. తెల్లవారాక గేరు బిగించి మిషన్ తిప్పితే పాత గేర్లతో కలిసిపోయింది. లీడ్ స్క్రూ చివర మెత్తటి పిన్ను నా చేత్తోనే వేశాను.

ఆ రోజు నుంచి పాత లేత్‌ల పిచ్చి పట్టింది. మేస్త్రి గారి వెంట రైస్ మిల్లులకు, చెరకు గానుగల దగ్గరికి, పాత షెడ్డులకు తిరిగాను. హరిహర్‌లో 1941లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్ వారి లేత్‌లు, 1953లో బెంగళూరులో పుట్టిన హెచ్ఎంటీ వారి లేత్‌లు ఎన్నో విప్పాం. చాలా పాత మోడళ్లకు ఇప్పుడు కంపెనీ నుంచి స్పేర్లు రావు. విరిగినదాన్ని చూసి, కొలిచి, మనమే చేసుకోవాలి.

2004లో మా ఓనరు షాపు మూసేశాడు. ఆ ఇంగ్లండు లేత్‌ను పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్మడానికి బేరం పెట్టాడు. అదే ధరకు నేను కొన్నాను. ఇంటి పైకప్పు కోసం పాడిన చీటీ డబ్బు దానికి పెట్టాను. నా భార్య నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆమె కోపంలో న్యాయం ఉంది. ఆ ఏడాది వానలకు గిన్నెలు పెట్టుకుని పడుకున్నాం. షెడ్డు అద్దెకు తీసుకోవడానికి వెళ్తే మరో కష్టం. పని గురించి అడిగి సంతోషించిన ఒకాయన, మా పేట పేరు చెప్పగానే షెడ్డు ఖాళీ లేదన్నాడు. లేత్ మిషన్ కులం అడగదు గానీ, దాన్ని పెట్టుకునే చోటు ఇచ్చేవాళ్లు అడుగుతారని ఆ రోజు తెలిసింది. మూడో వీధిలో ఇంకొకరు ఇచ్చారు.

మిషన్ మొత్తం విప్పి కిరసనాయిల్‌తో కడిగాను. నూనె రంధ్రాలన్నీ మట్టితో పూడిపోయి ఉన్నాయి. డయల్ గేజ్ పెట్టి బెడ్డు చూశాను. పాత లేత్ బెడ్డు అంతటా ఒకేలా అరగదు. పని ఎక్కువగా చక్కు దగ్గరే జరుగుతుంది కాబట్టి అక్కడే లోతుగా అరుగుతుంది. టెయిల్ స్టాక్ వైపు చివర దాదాపు కొత్తదిలా ఉంటుంది. చక్కు దగ్గర క్యారేజీ వదులుగా ఉందని అక్కడ బిగిస్తే, అది అరగని వైపు వెళ్లి పట్టేస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. బిగించడం కాదు, అరిగిన చోటు ఎక్కడో ముందు చూడాలి.

బెడ్డును గ్రైండింగుకు పంపాను. గ్రైండింగు చేశాక క్యారేజీ కిందికి దిగుతుంది, హాఫ్ నట్ లీడ్ స్క్రూకు సరిగా అందదు. అందుకని క్యారేజీ కింద పల్చటి పట్టీ అతికించి ఎత్తు సరిచేశాను. తర్వాత మార్కింగ్ బ్లూ పూసి, ఎక్కడ రంగు అంటితే అక్కడ స్క్రాపర్‌తో చేత్తో గీకాను. మళ్లీ పూయడం, మళ్లీ గీకడం. నాలుగు నెలలు రాత్రిళ్లు ఇదే పని. క్రాస్ స్లైడు నట్టు పూర్తిగా అరిగిపోతే ఫాస్ఫర్ బ్రాంజ్‌తో కొత్తది చేశాను. నట్టును స్క్రూ కన్నా మెత్తటి లోహంతో ఎందుకు చేస్తారో అప్పుడు ఆలోచించాను. ఖరీదైన పొడవాటి స్క్రూ నిలవాలంటే చిన్న నట్టు అరగాలి. షియర్ పిన్ను సంగతి కూడా అంతే.

ఇంకొక గేరు కథ చెప్పాలి. ఆ మిషన్ లీడ్ స్క్రూకు అంగుళానికి 4 మరలు. మన దేశంలో 1958 నుంచి మెట్రిక్ కొలతలు వచ్చాయి. వచ్చే పనులన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. ఇంగ్లండు మిషన్‌తో మిల్లీమీటరు మర ఎలా కోయాలి? ఒక అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 5తో గుణిస్తే 127. ఈ 127 ప్రధాన సంఖ్య, దేనితోనూ విడదీయలేం. కాబట్టి 127 పళ్ల గేరు ఒకటి ఉండాల్సిందే. అది ఉంటే 1.5 మిల్లీమీటర్ల మరకు 30 పళ్ల గేరు తిప్పేదిగా, 127 పళ్ల గేరు తిరిగేదిగా పెడితే సరిపోతుంది, వెంట్రుకవాసి తేడా రాదు. "ప్రధాన సంఖ్యలు జీవితంలో ఎక్కడ పనికొస్తాయి సార్?" అని నేను ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారిని అడిగాను. తమ్ముళ్లూ, పనికొస్తాయి.

గేర్లు మార్చి కావాల్సిన మర కోసే లేత్‌ను 1800 ప్రాంతంలో చక్కగా రూపుదిద్దినవాడు ఇంగ్లండుకు చెందిన హెన్రీ మాడ్‌స్లే. ఆయన పన్నెండేళ్లకే ఆయుధ కర్మాగారంలో పనికి చేరాడు. ఆయన షాపులో పని నేర్చుకున్న జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒకే ప్రమాణం ఉండాలని ప్రతిపాదించాడు. పెద్ద చదువులు చదివినవారే కాదు, చేత్తో పనిచేసినవారు కూడా ఈ లోకానికి కొలతలు నేర్పారు. ఐటీఐలో చేరానని తలవంచుకునే తమ్ముళ్ల కోసం ఈ మాట రాస్తున్నాను.

నా లేత్ మీద మొదటి పని ఒక రైస్ మిల్లు షాఫ్టు. అప్పటి నుంచి అది ఆగలేదు. ఒకేలాంటివి వెయ్యి చేయాలంటే సీఎన్‌సీ మిషన్లు ఉన్నాయి, అవి చాలా గొప్పవి. కానీ విరిగిన ట్రాక్టరు పిన్ను ఒక్కటే కావాల్సిన రైతు నా దగ్గరికే వస్తాడు. మరుసటి ఏడాది ఇంటికి పైకప్పు కూడా వేశాం.

2006లో మన హాస్టల్‌కు వచ్చాను. వార్డెన్ సారు రిటైరై వెళ్లిపోయారు. ఇరవై రూపాయలు తిరిగి ఇవ్వడం నా వల్ల కాలేదు. వంట పిన్ని మాత్రం ఉంది. ఆమె భుజం వంగిపోయింది. గ్రైండరులో చట్నీ రుబ్బుతుంటే గడగడమని చప్పుడు. "రెండేళ్లుగా ఇంతే నాయనా" అంది. విప్పి చూస్తే లోపలి బుష్షు అరిగిపోయింది. కొలత రాసుకుని వెళ్లి, గన్ మెటల్‌తో కొత్త బుష్షు తిప్పి తెచ్చి బిగించాను. స్విచ్ వేశాం. పిన్ని చెవి దగ్గర పెట్టి విని, "అదేంటి, తిరుగుతోందా?" అని అడిగింది.

మిషన్‌లో అరిగేది ఏదో, నిలిచేది ఏదో తయారుచేసినవాడు ముందే ఆలోచిస్తాడు. మనం నిలవడానికి మన అమ్మానాన్నలు, ఆ సారు, ఆ పిన్ని అరిగారు. మిషన్ బుష్షు అరిగితే ఇంకోటి తిప్పుకోవచ్చు. మనుషులకు స్పేర్లు దొరకవు. ఉన్నప్పుడే వెళ్లి చూసి రండి.

ఇప్పుడు నా షెడ్డులో మన హాస్టల్లో చదివిన ఇద్దరు తమ్ముళ్లు పని నేర్చుకుంటున్నారు. నేను విరగ్గొట్టిన గేరు, ఒక పన్ను సన్నగా వచ్చిన నా మొదటి గేరు బల్ల మీద పక్కపక్కనే పెట్టుకున్నాను. కొత్తవాళ్లు ఏదైనా విరగ్గొట్టిన రోజు ఆ రెండూ వాళ్ల చేతిలో పెట్టి, సారు నన్ను అడిగిన ప్రశ్నే అడుగుతాను. ఎందుకు విరిగిందో తెలుసుకున్నావా?

ఇట్లు
మీ పూర్వ విద్యార్థి
(1992 పదో తరగతి బ్యాచ్)