సినిమా సుమో... సీమ ట్యాక్సీ

హిందూపురం రైల్వేస్టేషన్ బయట తెల్లవారకముందే బేరాలు మొదలవుతాయి. ‘లేపాక్షికా... పెనుకొండకా... పుట్టపర్తికా?’ ముందు తెలుగులో అడుగుతారు డ్రైవర్లు. మొహం చూసి కన్నడంలోకి మారతారు. అదీ కుదరకపోతే హిందీలోకి దిగుతారు. బెంగళూరు ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లే మరి!

కోస్తా నుంచో తెలంగాణ నుంచో తొలిసారి వచ్చినవాళ్లు బండెక్కాక ఒక మాట అడగకుండా ఉండలేరు. ‘ఇక్కడ సుమోలు నిజంగానే పేలుతుంటాయా?’ అని. నవ్వుతూనే అడుగుతారు. డ్రైవరూ నవ్వేస్తాడు. కిరాయికి వచ్చినవాళ్లతో వాదన పెట్టుకుంటే బేరం పోతుంది కదా!

విచిత్రం ఏమిటంటే, సినిమా స్టీరింగులతో హిందూపురానికున్న చుట్టరికం మరే ఊరికీ లేదు. 1961లో వచ్చిన ‘టాక్సీ రాముడు’లో ఎన్టీఆర్ ట్యాక్సీ డ్రైవరు. ఆ రాముడే 1985లో ఇక్కడికి ఓట్లడగడానికి వచ్చాడు. ఆ ఎన్నికల్లో గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడుచోట్లా గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నాడు. 1989, 94లలోనూ ఇక్కడి జనం ఆయన్నే గెలిపించారు. పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి ఊరూరా తిరిగినప్పుడు దాన్ని నడిపింది కొడుకు హరికృష్ణ. తండ్రి పోయాక 1996 ఉప ఎన్నికలో ఈ ఊరి ఎమ్మెల్యే అయిందీ ఆయనే. 2014 నుంచి బాలకృష్ణ వంతు. ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ (2003)లో ఆయన తొడగొడితే రైలు వెనక్కి వెళ్తుంది. హిందూపురం స్టేషన్‌లో అయితే బెంగళూరు రైలు ఎవరి కోసమూ వెనక్కి వెళ్లదు. తప్పిపోతే ట్యాక్సీయే గతి!

సుమోల గొడవ మొదలైంది కూడా ఆ కుటుంబం సినిమాలతోనే. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఫ్యాక్షన్ కథలకు గిరాకీ తెచ్చింది. 2002లో వి.వి.వినాయక్ జూనియర్ ఎన్టీఆర్‌తో ‘ఆది’, బాలకృష్ణతో ‘చెన్నకేశవరెడ్డి’ తీశాక తెరమీద సుమోలు గాల్లోకి లేవడం మామూలైపోయింది. మండువేసవి, ఎర్రమట్టి, వరసగా తెల్లబండ్లు... సీమ అంటే ఇదే అనిపించేశారు.

అంతా కట్టుకథే అనడానికీ లేదు. పెనుకొండ ఎమ్మెల్యేగా ఉన్న పరిటాల రవి మీద 1997 నవంబర్ 19న కారుబాంబు పేల్చారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. కానీ అది పేలింది ఏ సీమ పల్లెలోనో కాదు. హైదరాబాద్‌లో, జూబ్లీహిల్స్‌లో, ఒక సినిమా స్టూడియో దగ్గర! రవి తప్పించుకున్నా, 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యారు. ఆ రోజుల భయం ఇక్కడివాళ్లెవరూ మరచిపోలేదు. అయితే ఆ భయం అనుభవించింది వాళ్లు. దాన్ని చూసి ఈలలు వేసింది మిగతా రాష్ట్రం. ఆ తేడా చిన్నదేమీ కాదు.

నిజానికి ఈ దారిలో సుమో మోసింది బాంబుల్ని కాదు. పెళ్లివారిని, బాలింతల్ని, బెంగళూరు ఆస్పత్రులకు వెళ్లే రోగుల్ని. పుట్టపర్తిలో 1991లో ఉచిత వైద్యంతో పెద్దాస్పత్రి తెరిచాక గుండెజబ్బుల వాళ్లు దూరాల నుంచి రావడం మొదలైంది. దేశవిదేశాల భక్తులు సరేసరి. 2011 ఏప్రిల్ 24న సత్యసాయి నిర్యాణం తర్వాత ట్యాక్సీవాళ్లకు ఆ రద్దీ మళ్లీ కనిపించలేదు. తెరమీద బండి పేలితే క్షణంలో అయిపోతుంది. కిరాయిలు తగ్గిన బండికి నెలనెలా వాయిదా కట్టడం మాత్రం ఏళ్లతరబడి సాగే కథ. దాన్ని ఎవరూ సినిమా తీయలేదు.

హిందూపురం దాటి పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఏకశిలా బసవన్న దగ్గర ఏ డ్రైవరైనా గైడైపోతాడు. వేలాడే స్తంభం కింద బట్ట దూర్చి చూపించేదాకా వదలడు.

అక్కణ్నుంచి పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని తరలివచ్చింది ఈ కొండ కిందికే. గగన్‌మహల్ ఇంకా నిలిచి ఉంది. బాబయ్య దర్గాకు మతంతో పనిలేకుండా జనం వస్తారు. అయితే ఇప్పుడు బండ్లు ఎక్కువగా ఆగేది కొండ దగ్గర కాదు, హైవే పక్కన ఎర్రమంచిలో. కియా ఫ్యాక్టరీ నుంచి తొలి సెల్టోస్ కారు బయటికొచ్చింది 2019 ఆగస్టు 8న. 2023 జులైకి లెక్క పది లక్షలు దాటింది. తమాషా చూడండి... పాతికేళ్లు తిరిగిన టాటా సుమో తయారీ ఆగిపోయిందీ 2019లోనే! కార్లు పేలే ఊళ్లని పేరుపడ్డ చోట కార్లు తయారవుతున్నాయి. ఈ మలుపు ఏ రచయితకూ తట్టలేదు.

చివరి మజిలీ ధర్మవరం. వీధుల్లోకి తిరిగితే మగ్గాల చప్పుడు. పట్టుచీరల మూటలు, పాకాల లైను రైలు దిగినవాళ్ల సంచులు, ఒకే బండిలో సర్దుకుంటాయి. పెళ్లి కోసం చీరలు కొనడానికి కుటుంబమంతా ట్యాక్సీలో వస్తుంది. డ్రైవరు గంటలకొద్దీ బయట కూర్చోవాలి. ‘ఇంకొక్క చీర చూసి వచ్చేస్తాం’ అంటే కనీసం గంటన్నర అని ఈ దారి డ్రైవర్లందరికీ తెలుసు. కిరాయి మాట్లాడుకునేటప్పుడే వెయిటింగు సంగతి తేల్చుకోవడం ఇద్దరికీ మంచిది. తిరుగుబేరం దొరకని బండ్లు రైల్వేస్టేషన్ ముందు వరస కడతాయి. ముహూర్తాల్లేని నెలల్లో అయితే చీకటిపడేదాకా అక్కడే.