ప్రాణహిత ఒడ్డున పుట్టి కలకత్తాలో నిలబడ్డ రాక్షసబల్లి

అన్నా, వదినె,

కలకత్తాకు క్షేమంగా చేరాను. వరంగల్‌లో రైలెక్కి హౌరాలో దిగేసరికి ఒళ్లు పులిసిపోయింది. స్టేషన్ బయటికి వచ్చి హౌరా వంతెన చూశాక ఆ బడలిక గుర్తులేదు. అంత పెద్ద నదిలో దానికి ఒక్క స్తంభం లేదు! మానేరు మీద తీగల వంతెన వెలిగిన రోజు మనమంతా ఎంత మురిసిపోయాం! ఇది 1943 నుంచి జనాన్ని మోస్తూనే ఉంది.

ఇక్కడ చాయ్ మట్టి ముంతలో పోసిస్తారు, తాగి ముంత పారేయడమే. మరమరాల్లో ఆవనూనె చల్లి ఇచ్చే ఝాల్‌మురీ మొదటి బుక్కకు ముక్కుకెక్కింది, నాలుగో బుక్కకు ఇంకో పొట్లం కొనుక్కున్నాను. తిండి సంగతులు వచ్చాక చెప్తాను. ఈ ఉత్తరం రాసేది ఒక ఎముకల గూడు గురించి.

మెట్రోలో బరానగర్ దిగితే దగ్గరలోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించారు. లెక్కలు చెప్పే చోట రాక్షసబల్లికి ఏం పని అని వదినె అడుగుతుంది. నాకూ అదే అనుమానం వచ్చింది. మహలనోబిస్ దృష్టిలో శాస్త్రాలన్నీ ఒకే ఇంటి బిడ్డలట, అందుకే భూగర్భశాస్త్రానికీ అక్కడ ఒక గది దొరికింది. ముందే అనుమతి అడిగి పెట్టుకున్నాను కాబట్టి మ్యూజియంలోకి పోనిచ్చారు.

లోపలికి పోయి తల పైకెత్తాక కాసేపు నోట మాట రాలేదు. పొడుగు సుమారు 14 మీటర్లు, మన ఆర్టీసీ బస్సుకన్నా ఎక్కువ. దొరికిన తొడ ఎముకల్లో ఒకటి 1.7 మీటర్లుంది. దగ్గరికి పోయి చూస్తే ఎముక ఎప్పుడో రాయైపోయింది. పగుళ్లూ, వాటిని ఓపిగ్గా అతికిన గీతలూ కనిపిస్తున్నాయి. దాని పేరు బరపాసారస్ టాగోరై. పెద్ద తవ్వకం సాగిన 1961 ఠాగూర్ శతజయంతి సంవత్సరం, అందుకని ఆయన పేరు కలిపారు.

పేరు బెంగాలీదైనా జంతువు మన ప్రాణహిత-గోదావరి లోయది! సిరోంచ వైపు పోచంపల్లి అని ఒక పల్లె ఉంది (చీరల పోచంపల్లి కాదు), దాని దగ్గర దొరికింది. కాళేశ్వరం ఘాటు మీద నిలబడితే అవతల ఒడ్డే సిరోంచ. మహారాష్ట్రే అయినా అక్కడ మాట తెలుగు, చుట్టరికాలు మనతోనే.

అక్కడ దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి, 330 గజాల జాగలో కుప్పగా దొరికాయి. కరీంనగర్‌లో అది ఒక ఇంటి ప్లాటు! వాటి మధ్య రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దులు. వరదలో మందకు మంద కొట్టుకొచ్చి ఒకచోట పూడిపోయిందని పండితుల అంచనా. 2022 జూలైలో మంథని వీధుల్లోకి నీళ్లు రావడం చూసినవాళ్లం, ఆ మాట నమ్మడానికి మనకు వేరే రుజువు అక్కర్లేదు. తల మాత్రం దొరకలేదు, మూడే మూడు పళ్లు దొరికాయి.

నన్ను ఎక్కువగా కదిలించింది ఈ ఎముకలు ఇక్కడికి చేరిన తీరు. 1850ల్లో ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరి సున్నపురాయిలో చేపల శిలాజాలు దొరికితే అవి లండన్ పోయాయి, అక్కడివాళ్లే పేర్లు పెట్టారు. ఆసిఫాబాద్ వైపు మలేరి ఎర్రమట్టిలో దొరికిన జంతువు ఒకదానికి నాగపూర్ పాద్రి హిస్లాప్ పేరు వచ్చింది. ఎముక మనది, చదువు వాళ్లది. ఆ కాలంలో అంతే.

1957లో పద్ధతి మారింది. మహలనోబిస్ పిలుపు మీద లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్సన్ వచ్చింది. కుర్రవాళ్లను వెంటబెట్టుకుని లోయలో తిరిగింది. రాళ్లలో ఎముకను ఆనవాలు పట్టడం, విరగకుండా తీయడం, దాన్ని చదవడం దగ్గరుండి నేర్పింది. దొరికింది కలకత్తాకే చేరింది. 1962లో వాళ్లు రాసిన తొలి వ్యాసాల్లో ఒకదానికి ఆమె పేరు జైన్, రాయ్‌చౌధురిల పేర్ల మధ్య ఉంది. 1975లో బరపాసారస్‌కు పేరు పెట్టిన వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలోనే అచ్చయింది. రాసినవాళ్లు జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, ఛటర్జీ. ఆ నలుగురిలో ఆమె లేదు. నేర్పినవాళ్లకు ఇంతకన్నా పెద్ద గెలుపు ఏముంటుందన్నా!

ఇది చిన్న సంగతేమీ కాదు. బ్రెజిల్‌లో దొరికిన ఉబిరజారా అనే చిన్న రాక్షసబల్లిని జర్మనీ తీసుకుపోయారు. 2020లో దాని గురించి వచ్చిన వ్యాసంలో బ్రెజిల్ మనిషి ఒక్కడూ లేడు. అక్కడి శాస్త్రవేత్తలూ జనమూ పట్టుబట్టారు. చివరికి 2023లో ఆ శిలాజం తిరిగి బ్రెజిల్ చేరింది. వాళ్లు కొట్లాడి సాధించుకున్నది మనకు అరవై ఏళ్ల ముందే దక్కింది.

అయినా నాకు మనసు పూర్తిగా నిండలేదు. లండన్‌కూ కలకత్తాకూ లెక్క సరిపోయింది. మరి కలకత్తాకూ ప్రాణహిత పల్లెకూ? ఊరివాళ్ల సాయం లేకుండా అడవిలో ఏ తవ్వకమూ సాగదు. దారి చూపినవాళ్లు, గడ్డపార పట్టినవాళ్లు ఎవరో వాళ్ల మనవలకే తెలియదు. ఉన్నవాళ్లు లేనివాళ్లతో చదువు పంచుకోవాలన్న న్యాయం సముద్రం దాటి వచ్చింది, గోదావరి కూడా దాటాలి.

ఆ తర్వాత కొంత మేలే జరిగింది. 1970ల చివర మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భారత భూగర్భ సర్వే వాళ్లకు దాదాపు 24 గుంటల నేలలో 840 ఎముక ముక్కలు దొరికాయి, పన్నెండు జంతువులవట. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. మన ఊరి పేరు ప్రపంచమంతా పుస్తకాల్లో ఉంది! అవతలి ఒడ్డున వడధం దగ్గర మహారాష్ట్ర వాళ్లు శిలాజాల పార్కు పెట్టుకున్నారు. ఇవతల మనం ఎందుకు ఆగాలి? అసలు ఎముకలు భద్రమైన చోటే ఉండనీ. కాళేశ్వరంలోనో మంచిర్యాలలోనో ఒక నమూనా, దాని పక్కన తెలుగులో నాలుగు మాటలు, రేపు ఏ దేశం బృందం వచ్చినా మన కాలేజీ పిల్లలు ఇద్దరు వెంట ఉండాలన్న షరతు. ఇంతే అడుగుతున్నాను.

వేసవి సెలవుల్లో పిల్లలను హైదరాబాద్ తీసుకుపోండి. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ నిలబడి ఉంది, తప్పక చూపించండి. తిరిగొచ్చాక జిల్లా అధికారులకు మన వాడ తరఫున ఒక దరఖాస్తు రాయండన్నా. నా సంతకానికి కూడా జాగ ఉంచండి.

మీ తమ్ముడు