37 బంగారు కడ్డీలు

మా హాస్టల్ రూమ్‌లో ఫాలౌట్: న్యూ వేగస్ ఆడినవాళ్లం ముగ్గురం. దాని డీఎల్‌సీల్లో ఏది బెస్ట్ అనే గొడవ ఫస్ట్ సెమ్ నుంచి నడుస్తూనే ఉంది. మిగతా ఇద్దరి ఓటు ఓల్డ్ వరల్డ్ బ్లూస్‌కి. నాది డెడ్ మనీకి. "దానికంటే ల్యాబ్ ఎగ్జామ్ నయం రా" అంటారు వాళ్లు.

ఆడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఇది అబ్సిడియన్ వాళ్లు 2010లో చేసిన గేమ్. 2077లో అణుయుద్ధం జరిగి ప్రపంచం నాశనమైపోతుంది. కథ మొదలయ్యేది 2281లో, మొహావీ ఎడారిలో. అందరూ కొట్టుకునేది హూవర్ డ్యామ్ కోసం. అంటే నీళ్లు, కరెంటు. అనంతపురం వాడికి ఈ కథ అర్థం కావడానికి ట్యుటోరియల్ అక్కర్లేదు. హార్డ్‌కోర్ మోడ్ పెట్టుకుంటే దాహానికి ఒక మీటర్ ఉంటుంది. నీళ్లు తాగకపోతే చచ్చిపోతాం. కొన్నిచోట్ల దొరికిన నీళ్లు తాగితే రేడియేషన్. మా ఫ్రెండ్స్‌కి ఆ మోడ్ చిరాకు. నాకు మాత్రం ఎండాకాలం సెలవుల్లా అనిపించింది.

కథకి సంబంధించిన డీఎల్‌సీలు నాలుగు. 2010 డిసెంబర్ నుంచి 2011 సెప్టెంబర్ లోపల వచ్చేశాయి. ఓల్డ్ వరల్డ్ బ్లూస్‌లో సైంటిస్టులు మన మెదడు తీసేస్తారు, టోస్టర్ మనల్ని బెదిరిస్తుంది. నవ్వుకోడానికి బాగుంటుంది, కానీ ఆ డైలాగులకి అంతు ఉండదు. లోన్‌సమ్ రోడ్ ఒకే దారిలో నడవడం, యులిసీస్ ప్రసంగాలు వినడం.

హానెస్ట్ హార్ట్స్‌ని అందరూ తీసిపారేస్తారు, చిన్నది, మిషన్లు వీక్ అని. అది నిజమే. కానీ అందులో జయాన్ లోయలోకి దిగుతాం చూడండి, అక్కడ వాన పడుతుంది. మొహావీలో అన్ని గంటలు ఆడినా ఒక్క చినుకు చూడలేదు. నది నీళ్లలో రేడియేషన్ కూడా లేదు. నేను మిషన్ పక్కన పెట్టి కాసేపు ఆ వానలో ఊరికే నిలబడ్డాను. ఇది రూమ్‌లో ఎవరికీ చెప్పలేదు.

ఇక డెడ్ మనీ. మన తుపాకులన్నీ లాగేసుకుని, మెడకి బాంబు కట్టి, సియెర్రా మాద్రే అనే పాడుబడ్డ కాసినోకి పంపిస్తారు. చుట్టూ ఎర్రటి విషపు మబ్బు. ఎక్కడో రేడియో మోగితే మెడలో బాంబు బీప్ బీప్ అంటుంది. ఇదంతా పంపించినవాడు ఎలైజా అనే ముసలాయన. కాసినో కింద ఖజానా ఉంది, దాని మీద ఆశతో వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. చివరికి మనం అక్కడికి చేరతాం. 37 బంగారు కడ్డీలు. ఒక్కోదాని బరువు 35. స్ట్రెంగ్త్ పది ఉన్నా మనం మోయగలిగేది 250, మొత్తం బంగారం 1,295. కొన్ని తీసుకుని మిగతావి వదిలేసి పరిగెత్తాలి. వదలడం నేర్చుకో అని గేమ్ మొత్తం చెప్తూనే ఉంటుంది.

నేను నేర్చుకోలేదు. యూట్యూబ్‌లో చూసిన ట్రిక్‌తో, ఎలైజాకి కనపడకుండా, నత్తలా నడిచి 37 కడ్డీలూ బయటికి తెచ్చాను. పట్టిన టైమ్ చెప్తే మా హెచ్‌ఓడీ అటెండెన్స్ తీసేస్తారు. తీరా బయటికొచ్చాక అమ్ముదామంటే, ఒక్కో కడ్డీ 10,539 క్యాప్స్. అంత డబ్బున్న వ్యాపారి మొహావీలో దొరకడమే కష్టం.

ఈ ఏప్రిల్‌లో నాయన ఫోన్ చేసినప్పుడు ఇదే గుర్తొచ్చింది. మాకు నార్పల దగ్గర చీనీ తోట ఉంది. మూడు బోర్లు. మొదటిది సన్నగా పోస్తుంది. రెండోది 650 అడుగులు, మూడోది 900. రెండిట్లోనూ దుమ్మే. మూడోదానికి టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూపించినాయన, ఇంకో వంద అడుగులు పోయుంటే పడేదన్నాడు. ఖజానా ఎప్పుడూ ఇంకో వంద అడుగుల కిందే ఉంటుంది.

"ఏం రా, ఇంగొగటి ఏపిద్దామా?" అన్నాడు నాయన. నన్ను అడగడం అదే మొదటిసారి.

నాకు డెడ్ మనీ మొత్తం నోటిదాకా వచ్చింది. "వద్దు నాయనా, వదిలెయ్" అన్నాను.

"చెట్లు ఎండిపోతాంటే సూస్తా కూచోమంటావా?"

జవాబు దొరకలేదు. ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి ఆలోచిస్తే, నాకిష్టమైన డీఎల్‌సీ మీద మొదటిసారి కోపం వచ్చింది. సియెర్రా మాద్రే నుంచి బయటపడితే మన తుపాకులు మనకి తిరిగొస్తాయి, మొహావీ మొత్తం మన కోసం కాచుకుని ఉంటుంది. అది ఎక్స్‌పాన్షన్. అసలు గేమ్ బయట ఉంది కాబట్టే వదలమని చెప్పడం అంత తేలిక. నాయనకి ఆ తోటే అసలు గేమ్. పైగా ఎలైజాది అత్యాశ. పన్నెండేళ్లు పెంచిన చెట్టుకి నీళ్లు కావాలనుకోవడం అత్యాశ ఎట్లవుతుంది?

అయినా డెడ్ మనీయే బెస్ట్ అంటాను. ఓల్డ్ వరల్డ్ బ్లూస్‌తో ఎవరూ ఇంత పోట్లాడరు.

నాయన నాలుగో బోరు వేయించలేదు. నా మాట విని కాదు, అప్పు పుట్టక. మొదటి బోరు నీళ్లు ఎన్ని చెట్లకి సరిపోతాయో లెక్కేసి, రోడ్డు వైపు సగానికి డ్రిప్ ఉంచి, గుట్ట వైపు సగానికి ఆపేశాడు. మే నెలలో ఇంటికి పోతే ఆ వైపు చెట్ల కొమ్మలు కొట్టి కట్టెలుగా పేర్చి ఉన్నాయి. నాయన ఆ వైపు చూడకుండా పైపులు సర్దుకుంటున్నాడు. నేనూ పోయి ఒక కొస పట్టుకున్నాను. బోరు గురించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.