ఎనిమిది మంత్రాలు, తొమ్మిది కార్డులు

ఇంత చిన్న పనిలో ఇంత ఆనందం ఉందా! ఫ్రాస్ట్‌గ్రేవ్ ఆటకి కార్డులు ఇంట్లోనే చేసుకోవచ్చని మొన్ననే తెలిసింది. అప్పటినుంచి కనిపించిన వాళ్లందరికీ ఇదే చెబుతున్నాను.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. జోసెఫ్ మెకల్లో రాసిన ఈ మినియేచర్ బొమ్మల ఆటను 2015లో ఆస్ప్రే సంస్థ తెచ్చింది. మంచులో కూరుకుపోయిన ఫెల్‌స్టాడ్ అనే పాత నగరం శిథిలాలను బల్ల మీద పేర్చుకుంటాం. ఒక మాంత్రికుడు, ఒక శిష్యుడు, ఎనిమిది మంది దాకా సైనికులు: ఇదీ దండు. నిధుల కోసం ఎదుటి దండుతో పోటీ. నడకను ఇంచి టేపుతో కొలుస్తాం, గెలుపోటములను ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

రుచంతా మంత్రాల్లోనే! మొత్తం పది శాఖలు, శాఖకి ఎనిమిది చొప్పున ఎనభై మంత్రాలు. కొత్త మాంత్రికుడికి దక్కేవి ఎనిమిదే: సొంత శాఖవి 3, మిత్ర శాఖలు మూడింటి నుంచి ఒక్కొక్కటి, తటస్థ శాఖల నుంచి 2. ప్రతి మంత్రానికీ పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. పాచిక దాన్ని అందుకుంటేనే మంత్రం పారుతుంది. మిత్ర శాఖ మంత్రమైతే ఆ అంకెకి 2, తటస్థ శాఖదైతే 4 కలపాలి. ఎలిమెంటల్ బోల్ట్ అనే మంత్రం సంగతే చూడండి. సొంత శాఖవాడికి 12, మిత్రుడికి 14, తటస్థుడికి 16. శిష్యుడు వేస్తే దానిమీద ఇంకో 2.

అంటే సొంత శాఖ మంత్రాలకి తప్ప మీ మాంత్రికుడికి పనికొచ్చే అంకె పుస్తకంలో దొరకదు, మీరు రాసుకున్న కార్డు మీదే దొరుకుతుంది!

కార్డు కొలత 63×88 మిల్లీమీటర్లు పెట్టుకోండి. ఏ4 కాగితం మీద మూడు వరసల్లో సరిగ్గా తొమ్మిది పడతాయి. ఎనిమిది మంత్రాలకి ఎనిమిది, తొమ్మిదోది మాంత్రికుడికి! ఒక దండు మంత్రబలమంతా ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది. కత్తిరించి, వెనక పాత పేకముక్క పెట్టి, కార్డులకి వాడే ప్లాస్టిక్ కవర్లోకి తోస్తే చాలు, చేతిలో నిటారుగా నిలుస్తుంది.

మాంత్రికుడి కార్డు మీద ఆరు అంకెలు చాలు: నడక 6, పోరు +2, గురి 0, కవచం 10, మనోబలం +4, ప్రాణం 14. ప్రాణానికి పద్నాలుగు గళ్లు గీయండి. దెబ్బ తగిలినప్పుడల్లా కవర్ మీద వైట్‌బోర్డు పెన్నుతో కొట్టేయడం, ఆట అయ్యాక గుడ్డతో తుడిచేయడం. గళ్ల కింద మంత్రం తప్పితే పడే దెబ్బ రాయండి: అంకెకి పాచిక తగ్గిన తేడా 5 నుంచి 9 అయితే 1, 10 నుంచి 19 అయితే 2, 20 లేదా ఆపైన అయితే 5. పాచికకి తగ్గినంత ప్రాణం ధారపోసి మంత్రాన్ని గట్టెక్కించుకోవచ్చన్న నియమం కూడా అక్కడే ఉండాలి. 14 కావాల్సిన చోట 11 పడిందా? మూడు ప్రాణాలు ఇవ్వాలా, వద్దా? కార్డు చూస్తూ అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. పుస్తకం తిరగేసే పని లేదు, ఎదుటివాళ్లని కాచుకోబెట్టే పనీ లేదు. ఆట ఉత్కంఠంతా ఆ క్షణంలోనే ఉంది!

అన్నిటికన్నా గొప్ప సంగతి ఇంకొకటి. ఆ చిన్న కార్డులో పట్టాలంటే మంత్రాన్ని మూడు వరసలకి కుదించాలి. ఎంత దూరం, ఎవరి మీద, ఏం జరుగుతుంది? ఏది ఉంచాలో ఏది వదిలేయాలో ఆలోచిస్తుండగానే నియమం బుర్రకెక్కేస్తుంది. నేను తెలుగులో, నా మాటల్లో రాసుకున్నాను. ఇప్పుడు పుస్తకం ముట్టుకోని తమ్ముడి చేతికిచ్చినా ధీమాగా ఆడగలడు.

అంకెను మాత్రం పెన్సిలుతోనే రాయండి. అనుభవం వందకి చేరినప్పుడల్లా మాంత్రికుడు ఒక మెట్టు ఎక్కుతాడు, ఆ మెట్టుతో ఒక మంత్రం అంకెను ఒకటి తగ్గించుకోవచ్చు. 14 చెరిపి 13 రాసేటప్పుడు కలిగే సంబరం కొన్న కార్డులతో రాదు.

ప్రింటరు అక్కర్లేదు, బొమ్మలు గీయడం రానక్కర్లేదు. వచ్చే ఆటలోపు మీ ఎనిమిది మంత్రాలూ మీ చేత్తో రాసుకోండి.