తెలుగు మాస్టారి రేసు పిచ్చి

తెలుగు పాఠం చెప్పేవాడికి పద్యాల పిచ్చి ఉండవచ్చు, పుస్తకాల పిచ్చి ఉండవచ్చు. రేసు కార్ల పిచ్చి మాత్రం ఉండకూడదని మా ఉయ్యూరులో అందరి అభిప్రాయమూను. నలభై దాటిన నాకు సరిగ్గా ఆ పిచ్చే పట్టుకుంది. రేసు కారు కొనే స్తోమతు లేదు గనక, ఉన్న మారుతీ స్విఫ్టుతోనే సరదా తీర్చుకుంటూంటాను. "అష్టావధానం వదిలేసి ఈ అవధానమేమిటి మాస్టారూ?" అంటారు మా లెక్కల లెక్చరరుగారు.

ఇదీ అవధానమే సుమండీ! చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990లో తెరిచిన రేసు ట్రాకు ఉంది. చుట్టూ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అంతకు పూర్వం షోళవరంలో, యుద్ధకాలపు పాత విమానాశ్రయం మీద పందేలు జరిగేవి. ఇరుంగట్టుకోట్టైకి నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, నేర్పే కుర్రవాడు పక్కన కూర్చుని, "వేగం సంగతి తరవాత సార్, ముందు ఆపడం నేర్చుకోండి" అన్నాడు.

బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే, కారు తిన్నగా ఉండగానే వెయ్యాలిట. టైరుకున్న పట్టు కొంతే. ఆపమనీ తిరగమనీ ఒక్కసారే అడిగితే రెండూ చెయ్యలేదు. చూపు బానెట్టు మీద కాదు, మలుపు దాటాక వచ్చే దారి మీద ఉండాలి. ఇంకో మాట: వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక కారు ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్క చెప్పాక మా లెక్చరరుగారు కూడా కాస్త మెత్తబడ్డారు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా-ఇ పందెం జరిగితే మా ఆవిడను తీసుకు వెళ్ళాను. ఫ్రాన్సు దేశపు జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. తిరిగి వస్తూంటే మా ఆవిడ, "ఏమండీ, అంత వేగంగా పోతూ ఒక్కడైనా హారను కొట్టలేదేం?" అంది. రేసు కారుకు హారనుండదు. అక్కడ అందరూ ఒకే వైపు పోతారు. పసుపు జెండా ఊపితే ఎంత వీరుడైనా నెమ్మదించవలసిందే, ముందు కారును దాటకూడదు. అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది.

మన బందరు రోడ్డు మీద ఇవేవీ లేవు. చెరకు ట్రాక్టరు వెనక దీపముండదు, గేదె చెప్పి రాదు, కాలవగట్టు మలుపుకు అడ్డు ఉండదు. రెండేళ్ళ క్రితం మా కాలేజీ కుర్రవాడొకడు స్నేహితుడి మోటారుసైకిలు మీద అటువంటి మలుపులోనే పోయాడు. పందొమ్మిదేళ్ళు. ఆ మర్నాడు హాజరు పిలుస్తూ అతని పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పెగల్లేదు. క్లాసంతా తలలు వంచుకుంది.

"వేగంగా పోవద్దురా" అంటే ఆ వయసు వినదు. నేను మాత్రం విన్నానా? అంచేత ఆ మాట చెప్పడం లేదు. పాఠం అయ్యాక నల్లబల్ల మీద ఒక మలుపు గీసి, బ్రేకు ఎక్కడ వెయ్యాలో గుర్తు పెడుతున్నాను. సంధులకు నిద్రపోయే కుర్రాళ్ళు కూడా దీనికి లేచి కూర్చుంటున్నారు. మొన్న ఒకడు వెనక బెంచీలోంచి లేచి, "వర్షం పడితే ఆ గుర్తు ఎక్కడ పెట్టాలి మాస్టారూ?" అని అడిగాడు. ఇంకా వెనక్కి జరపాలని చెప్పి, సుద్దముక్క వాడి చేతికే ఇచ్చాను.