పరుల పాట పాడుట

పల్లెవాని పాటను పట్టణవాసి పాడునప్పుడు ప్రేమచేఁ బాడుచున్నాఁడో పరిహాసముచేఁ బాడుచున్నాఁడో కనుఁగొనుట కష్టమని కొందఱందురు. మా కట్లు తోఁచదు. ఈ విషయమునఁ జెవి మోసపోదు. అమెరికాలో బర్డ్సు అను గాయకబృందమువారు 1968వ సంవత్సరమున వెలువరించిన "స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో" అను గ్రామఫోను రికార్డే యిందులకు మా దృష్టాంతము.

ఆ కాలమున నచ్చట వియత్నాము యుద్ధ మొకవంక, పొడుగు జుట్టొకవంక తండ్రికొడుకుల నెడఁబాపుచుండెను. విద్యుత్తు గిటార్ల రాక్కు సంగీతము కొడుకులది. ఫిడేలును బాంజోయుఁ గల కంట్రీ సంగీతము, అనఁగా దక్షిణదేశపుఁ బల్లెసంగీతము, తండ్రులది. రాక్కులోఁ బేరుగాంచిన బర్డ్సువారు, క్రొత్తగాఁ జేరిన గ్రామ్ పార్సన్సు అను నిరువదియొక్క యేండ్ల దక్షిణదేశీయుని ప్రోద్బలమున, పల్లెసంగీతమునకుఁ బుట్టినిల్లువంటి నాష్‌విల్లు నగరమునకుఁ బోయి, యచ్చటి వాద్యకులను గూర్చుకొని పాడిరి. మార్చినెలలో గ్రాండ్ ఓల్ ఆప్రీ సభలో సభికులు కొందఱు వీరి నెగతాళి చేసిరి. రికార్డు వెలువడిన పిదప రాక్కుప్రియులును మొగము చాటువేసిరి. అమెరికా విక్రయపట్టికలో నది 77వ స్థానమును దాఁటి పైకిఁ బోలేదు.

మాకుఁ బ్రాణపదమైనది "హికరీ విండ్" అను పాట. పార్సన్సు తన మిత్రుఁడు బాబ్ బుకానన్‌తోఁ గూడి రచించి తానే పాడెను. దూరనగరమునఁ జిక్కినవాఁ డొకఁడు దక్షిణ కరొలైనాలోఁ జిన్ననాఁ డెక్కిన చెట్లను దలఁచుకొనును. అంతియే. హికరీ చెట్టును మేము చూచి యెఱుఁగము. కాని బ్రతుకుతెరువునకై మావా రూరు విడిచిరి; పెరటి చింతచెట్టు మాట వచ్చినప్పుడెల్ల మా తల్లిగారు మాట మార్చెడివారు. ఆ మాట మార్చుటయే యీ పాటలోను గలదు. వెనుక లాయిడ్ గ్రీను పెడల్ స్టీలు గిటారు వాయించును. తీఁగలపై నుక్కుకడ్డీని జార్చుచు, పాదముతో మీటల నదుముచు, స్వరమును వంచుదురు. గోటువాద్యము విన్న చెవి కా జారుడు చుట్టమే.

ఇఁక రెండవ ప్రక్క. పార్సన్సు వేఱొక కంపెనీకి వ్రాసియిచ్చిన యొడంబడిక చిక్కు తెచ్చుటచేఁ గొన్ని పాటలలో నతని కంఠమును దీసివేసి రోజర్ మెగ్విన్ పాడెను. ఇతరకారణములును జెప్పుదురు. లూవిన్ సోదరుల భక్తిగీతము "ది క్రిస్టియన్ లైఫ్" అట్టిది. మెగ్విన్ గొప్ప గాయకుఁడే. కాని యిందు దక్షిణపు యాసను దెచ్చిపెట్టుకొనెను. పల్లెటూరివాని వేషము కట్టి మాటిమాటికిఁ దలపాగ సవరించుకొను నటుఁడు మాకుఁ దోఁచును. 1990లో బయల్పడిన పార్సన్సు గానమున నా తలపాగ లేదు. అతఁ డంత భక్తుఁడు గాఁడు, పాట చెప్పినట్లు బ్రతికినవాఁడును గాఁడు. అయినను నమ్మి పాడెను. మన చలనచిత్రములలోఁ దెలంగాణపు యాసను, ఉత్తరాంధ్రపు యాసను జిరకాలము హాస్యగాండ్రకే వదలిన మనకు, ఈ రెండు కంఠములను వెంటవెంటనే వినుట మంచిది. సంస్కారపక్షము వారమగు మేము దీనిని మఱింత గట్టిగాఁ జెప్పుచున్నాము.

రికార్డు వెలువడిన ఆగస్టునాటికిఁ బార్సన్సు బృందమున లేఁడు. వర్ణభేదము పాటించు దక్షిణాఫ్రికాలోఁ బాడనని జూలైలో వెడలిపోయెను; అది సాకని సహచరు లనిరి. 1973లో నిరువదియాఱవ యేట మరణించెను. పదునొకండు పాటలలో మూఁటియం దతఁడే ప్రధానగాయకుఁడుగా మిగిలెను. మేము మొదట వినునవి యవియే.