డోర్నకల్‌లో దిగి చూస్తే...

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే దారిలో డోర్నకల్ అంటే చాలామందికి తెలిసింది ఒక్కటే... జంక్షన్. బండి ఆగుతుంది. కొత్తగూడెం, మణుగూరు వైపు వెళ్లాల్సినవాళ్లు దిగి బండి మారతారు. మిగతావాళ్లు కిటికీలోంచి చాయ్ అందుకుని మళ్లీ పేపర్లో తల దూరుస్తారు. ఊళ్లోకి వెళితే ఓ అపురూపమైన కట్టడం ఉందని తెలియకుండానే ఆ దారిన ఏళ్లతరబడి తిరిగినవాళ్లు ఎందరో!

ఆ కట్టడాన్ని దూరం నుంచి చూస్తే మసీదేమో అనిపిస్తుంది. గుండ్రటి గుమ్మటాలు, మినార్లు అలా ఉంటాయి మరి. దగ్గరికెళ్లేసరికి గుడి మంటపం గుర్తొస్తుంది. వరసగా స్తంభాలు, వాటిమీద విచ్చుకున్న తామరలు. శిలువ కంటపడ్డాక గానీ చర్చి అని తేలదు. అదే ఎపిఫనీ కథెడ్రల్. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన రోజుగా క్రైస్తవులు జరుపుకునే పండుగ ఎపిఫనీ. సరిగ్గా ఆ రోజునే, 1939 జనవరి 6న ఈ మందిరాన్ని ప్రతిష్ఠించారు.

దీని వెనకున్న మనిషి తెలుగువాడు కాదు. తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళైలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య మాతృభాష తమిళం. అప్పట్లో మత ప్రచారమంటే తెల్లదొరల పనే. డబ్బు వాళ్లది, పెత్తనమూ వాళ్లదే. 'మన పని మనమే చేసుకుందాం' అని తిరునల్వేలి క్రైస్తవులు 1903లో సొంతంగా ఓ మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని వ్యవస్థాపకుల్లో ముఖ్యుడైన అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ చేరారు. తెలుగు నేర్చుకున్నారు. ఆ మరుసటేడే స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయులను స్నేహితులుగా చూడటం లేదని వాళ్ల ముందే కుండబద్దలు కొట్టారు. సభలో కొందరికి అది మింగుడు పడలేదు.

ఆ తర్వాత రెండున్నరేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథెడ్రల్లో అజరయ్యకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. దొరలమీద నల్లవాడు అధికారం చేయడమేమిటని అభ్యంతరాలు చాలానే వచ్చాయి. మొదట్లో ఆయనకు అప్పగించింది చిన్న ప్రాంతమే. 1920ల్లో కృష్ణా తీరం, కర్నూలు వైపు ప్రాంతాలు కూడా కలిసి డోర్నకల్ అధ్యక్ష మండలం విస్తరించింది. ఆయన బతికి ఉన్నంతకాలం దేశంలో మరో భారతీయుడికి ఆంగ్లికన్ మండలం అప్పగించలేదు.

అజరయ్య వెంట నడిచినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. వెట్టిచాకిరీ చేసే నిరుపేదలు. ఆ రోజుల్లో వాళ్లను గుడి గడప తొక్కనిచ్చేవారు కాదు. అలాంటివాళ్లు కూర్చుని ప్రార్థన చేసుకోవడానికి గుడి మంటపంలాంటి స్తంభాలు నిలబెట్టించడం... ఇంగ్లండు చర్చి నమూనాను తెచ్చి దించకపోవడం... కథెడ్రల్లో నిలబడి ఆలోచిస్తే దాని విలువ తెలుస్తుంది. లోపల కీర్తనలు తెలుగులోనే, మన బాణీల్లోనే పాడుకోవాలన్నది కూడా ఆయన పట్టుదలే. డబ్బు కూడినంత మేరకే పని సాగేది కాబట్టి నిర్మాణం ఏళ్లకేళ్లు పట్టింది.

ఆయనతో అందరూ ఏకీభవించారని కాదు. మత మార్పిడుల విషయంలో గాంధీజీకీ అజరయ్యకూ 1930ల్లో గట్టి అభిప్రాయభేదాలే ఉండేవి. చర్చి శాఖలన్నీ ఒకటి కావాలని ఆయన జీవితమంతా పాటుపడ్డారు. ఆ కల నెరవేరి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది మాత్రం 1947 సెప్టెంబరు 27న. అప్పటికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఇక ఊరి సంగతికొస్తే, డోర్నకల్‌కు ప్రాణం పోసింది రైలూ బొగ్గూ. ఇల్లందు దగ్గర నేలబొగ్గు ఉందని 1871లో డాక్టర్ కింగ్ కనిపెట్టాక, ఆ బొగ్గు బయటికి రావడానికి డోర్నకల్ నుంచే పట్టాలు వేశారు. స్టేషన్లో కాసేపు కూర్చుంటే ఇప్పటికీ బొగ్గు వ్యాగన్ల వరస కనిపించవచ్చు. పిల్లలు వెంట ఉంటే పెట్టెలు లెక్కపెట్టే పని వాళ్లకు అప్పగిస్తే సరి.

పొద్దు మిగిలితే కురవికి వెళ్లొచ్చు. అక్కడి వీరభద్రస్వామి ఆలయం శివరాత్రి జాతరకు ప్రసిద్ధి. తెలుగులో దొరికిన తొలినాటి గద్య శాసనాల్లో కొరవి శాసనం ఒకటని చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ కొరవే ఈ కురవి. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు కూడా ఈ పక్కనే. అయితే అన్నీ ఒక్క రోజులో చుట్టేయాలనుకుంటే కథెడ్రల్ దగ్గర గడిపే సమయమే తగ్గిపోతుంది. సొంత బండి ఉంటేనే ఆ సాహసం చేయాలి.

2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. రైల్లో సికింద్రాబాద్ నుంచి సుమారు 225 కిలోమీటర్లు, వరంగల్ నుంచి 85, విజయవాడ నుంచి 125. ఖమ్మం నుంచైతే పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఆఖర్లో వెళితే దారి పొడవునా మిర్చి కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండకు తట్టుకోవడం కష్టం. ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతుంది కాబట్టి కట్టడాన్ని తీరిగ్గా చూడాలనుకునేవాళ్లు వేరే రోజు ఎంచుకోవాలి. లోపల ఫొటోలు తీయాలంటే ముందు అక్కడివాళ్లను అడగాలి. ఎక్స్‌ప్రెస్‌లన్నీ డోర్నకల్‌లో ఆగవు. తిరుగు బండి ఏదో ముందే చూసుకుని బయల్దేరితే మంచిది.